మొదటి బస్సు చీటీ

పోయిన నెల మా అక్క కూతురు తన బ్లాగు తెరిచి చూపించింది. మన మెట్ట మండలాల వార్తలన్నీ ఒకచోట కనపడాలని పెట్టిందట. ఉదయగిరి ఉంది, మర్రిపాడు ఉంది, కలువాయి ఉంది. రోజుకు ఎంతసేపు రాస్తావమ్మా అని అడిగాను. నవ్వింది.

"నేను రాసేదేముండాది మామా. నాలుగు పేపర్ల ఫీడ్లు దీనికి తగిలించినాను. వాళ్ళు అక్కడ వార్త వెయ్యంగానే ఇక్కడ దానంతటదే పడతాది. నేను వంట చేసుకుంటా ఉన్నా పడతాది."

తను కొత్త సంగతి చెప్పాననుకుంది. నాకు పాత కడుపుమంట ఒకటి కదిలింది. వాళ్ళు తప్పు వేస్తే ఏమవుతుందని అడిగాను.

"తప్పే పడతాది" అంది, అందులో అడగాల్సిందేముందన్నట్టు.

ఆ తర్వాత నాలుగో రోజు ఆత్మకూరు బస్సులో పక్కసీటు మనిషి మాటల మధ్యలో చెప్పాడు, అక్కడి సైకిల్ స్టాండు ఆయన పోయినాడని. పోయి అప్పటికే పదకొండు రోజులైందట. అయ్యో అనుకోవడానికి ముందు నా మనసులో ఒక లెక్క నడిచింది. ఆయన పోయిన సంగతి నాకు చేరడానికి పదకొండు రోజులు పట్టింది. నేను పోతే ఆత్మకూరుకు చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? అసలు చేరుతుందా? చావు వార్త విని కూడా ఇలాంటి లెక్క వేసుకునే మనిషిని. కాబట్టి ఆయన గురించి నేను చెప్పేదాంట్లో ఎంత కలుపుకోవాలో, ఎంత తీసెయ్యాలో చదివేవాళ్ళే చూసుకోవాలి.

తొంభై మూడులో నేను ఉదయగిరిలో కట్టె డిపోలో దుంగలు కొలిచేవాణ్ణి. ఏడో తరగతి దాటలేదు. కానీ దుంగ చుట్టుకొలత, పొడవు చెబితే ఘనపుటడుగులు కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. వర్గమూలాలు తీయడం ఒక అట్టలేని పాత లెక్కల పుస్తకంలో చూసి సొంతంగా నేర్చుకున్నాను. గ్రంథాలయం గోడకు ఒక నల్లబోర్డు ఖాళీగా ఉండేది. ఎవరూ చెప్పకుండానే దాని మీద రోజూ వార్తలు రాసే పని పెట్టుకున్నాను. రేడియోలో విన్నవి నాలుగు రాసి, వాటి కింద నా సొంత వార్త ఒకటి రాసేవాణ్ణి. అది వాన.

మా డాబా మీద ఒక నిలువు డబ్బా, దాని మూతికి గరాటు పెట్టాను. గరాటు మూతి వైశాల్యం, డబ్బా అడుగు వైశాల్యం లెక్కగట్టి, డబ్బాలో ఇంత నీళ్ళుంటే నేల మీద ఇన్ని మిల్లీమీటర్లు పడినట్టని పట్టిక వేసుకున్నాను. మిల్లీమీటర్లు చెబితే మెట్ట రైతుకు ఏం తెలుస్తుంది? ఆయనకు కావాల్సింది పదును. నేల ఎంత లోతు తడిసిందీ, దుమ్ము అణిగిందా, నాగలి దిగుతుందా, విత్తనం వెయ్యొచ్చా అన్నది. అందుకని రెండేళ్ళపాటు ప్రతి వాన తర్వాతా చేనుల్లోకి పోయి పుల్లతో గుచ్చి తడి లోతు కొలిచాను. ఎన్ని మిల్లీమీటర్లకు ఏ పదునో నా దగ్గర తేలింది. "ఉదయగిరి, 21.6 మి.మీ., నాగలి పదును" అని రాసేవాణ్ణి. ఆ చుక్క తర్వాత అంకె కోసం పడిన శ్రమ నాకొక్కడికే తెలుసు.

చదివేవాళ్ళను ఒకరోజు లెక్కపెట్టాను. ఐదు నుంచి ఎనిమిది దాకా తొమ్మిది మంది. అందులో ఇద్దరు బోర్డు నీడలో బీడీ కాల్చుకోవడానికి నిలబడ్డవాళ్ళు.

డిపో పని మీద గురువారం గురువారం ఆత్మకూరు కోతమిల్లుకు పోయేవాణ్ణి. అక్కడి నుంచి వచ్చేవాళ్ళు, "ఆత్మకూరు సైకిల్ స్టాండు కాడ బోర్డు చూసినావా, మన మండలాలన్నీ రాస్తా ఉండారు" అని నాకే చెప్పడం మొదలుపెట్టారు. మొదటిసారి చూడ్డానికి పోయినప్పుడు జనం వెనక నిలబడి తలలు లెక్కపెట్టాను. నలభై మూడు. బస్సు వచ్చి కొందరు పోతే మళ్ళీ అంతమందే వచ్చి నిలబడ్డారు.

ఆయన బోర్డు దగ్గర లేడు. పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఎవరిదో సైకిలు చైను గోనెపట్టాతో తుడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి. బొద్దుగా, పొట్టిగా, గళ్ళ లుంగీ, బనియను. చెవి మీద బీడీ ఉండాల్సిన చోట సుద్దముక్క. నవ్వితే శబ్దం రాదు, పొట్ట మాత్రం కదిలేది. స్తంభానికి బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి మేకులతో కొట్టి, మూతకు చీలిక పెట్టాడు. మధ్యమధ్యలో కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి ఆ డబ్బాను వేలి కణుపుతో తట్టేవాడు. ఆ శబ్దాన్ని బట్టి నిండిందో లేదో తెలుస్తుందట.

నేను నలభై నిమిషాలు చూశాను. ఆ నలభై నిమిషాల్లో ఆయన ఒక్క అక్షరం రాయలేదు.

ఏర్పాటు ఇది. ఊరూరికీ పోయే మొదటి బస్సు కండక్టర్లు ఆయన స్టాండులో సైకిళ్ళు పెట్టుకునేవాళ్ళు. వాళ్ళ సైకిళ్ళకు టోకెను లేదు, ఉచితం. దానికి బదులు, పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి కుట్టిన చీటీల కట్ట ఒకటి వాళ్ళ చేతిలో పెట్టాడు. వచ్చేటప్పుడు ఆ ఊళ్ళో సంగతి, అంటే వాన, సంత, చావు, పెళ్ళి, వాగు పొంగిందా లేదా అన్నది, చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. బోర్డు మీద ఊళ్ళ పేర్లు రంగుతో శాశ్వతంగా రాయించాడు. ఉదయగిరి, మర్రిపాడు, కలువాయి, చేజర్ల. ఇక రాసేదెవరు? పొద్దున్నే సైకిలు పెట్టడానికి వచ్చిన చదువుకున్నవాడు ఎవరైనా సరే. అయ్యవారు, బ్యాంకు గుమాస్తా, మందుల షాపాయన. ఆయన తల ఎత్తకుండా, "చీటీ తీయి, రాయి, టోకెను తీస్కో" అనేవాడు. వాళ్ళు అలాగే చేసేవాళ్ళు. ఎవరూ ఎందుకని అడగలేదు. అంతమంది పెద్దమనుషులు వరసలో నిలబడి ఆయన బోర్డు నింపిపోయేవాళ్ళు.

ఎవరైనా మెచ్చుకుంటే ఒకటే మాట. "నాదేముండాది. బస్సులు వస్తాయి, వార్తలు దిగతాయి."

నేను రాత్రి రేడియో విని, నాలుగింటికే లేచి, డబ్బాలో నీళ్ళు కొలిచి, లెక్కగట్టి, రాసి, తుడిచి, మళ్ళీ రాసి తొమ్మిది మందిని సంపాదించాను. ఆయన చైను తుడుచుకుంటూ నలభై మూడు మందిని సంపాదించాడు. ఇందులో న్యాయం ఎక్కడుందో ఆ రోజు బస్సులో గంటన్నరసేపు ఆలోచించాను. దొరకలేదు.

రెండో గురువారం ఉండబట్టలేక తప్పులు ఎత్తిచూపాను. మర్రిపాడు వార్తలో ఒత్తు పోయింది, చేజర్ల సంత వారం తప్పు, కలువాయిలో వాన "గట్టిగా పడింది" అంటే ఎంత పడిందని అర్థం? గట్టిగా అనేది కొలతా? ఆయన శ్రద్ధగా విన్నాడు. చెవి మీది సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పింది కరెక్టే అబ్బయ్యా. దిద్దు."

అంతమంది ముందు కాదనలేకపోయాను. దిద్దాను. దిద్దుతూ దిద్దుతూ అక్షరాలు వంకరగా ఉన్నాయని మొత్తం తుడిచి, గీతలు గీసి, ముత్యాల్లా రాశాను. వెనక ఎవరో, ఈ రోజు బోర్డు శానా బాగుండాది అన్నారు. ఆయన పొట్ట కదిలింది. "నాదేముండాది" అన్నాడు. అప్పుడు అర్థమైంది, నేను కూడా ఆ వరసలో ఒకణ్ణయ్యానని. నాకు టోకెను కూడా లేదు, నేను బస్సులో వచ్చినవాణ్ణి. అయినా ప్రతి గురువారం పోయి దిద్దుతూనే వచ్చాను. పోకుండా ఉండలేకపోయాను. ఎందుకో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. నా బోర్డు దగ్గర నేను రాసింది ఎవరూ చదవరు, ఇక్కడ చదువుతారు. కారణం అదేనేమో.

ఆయనలో నాకు నచ్చనివి ఇంకా చాలా ఉండేవి. ఏ ఊరి నుంచి ఎవరొచ్చినా వాళ్ళ ఊరి చీటీని వాళ్ళకే వినిపించి, నిజమేనా అని అడిగేవాడు. నిజమంటే తల ఊపేవాడు, కాదంటే తుడిపించేవాడు. తుడవడానికి ఏమాత్రం నొచ్చుకునేవాడు కాదు. నేను రాసిన అంకెను తుడవాలంటే నాకు పన్ను పీకినట్టుండేది. ఆయనకు చైను మీద మట్టి తుడిచినట్టే. చదువురాని ఆడవాళ్ళు వస్తే పక్కనున్న వాళ్ళలో ఒకరిని వేలితో చూపించి, "అమ్మకు చదివి వినిపించు" అనేవాడు. ఆ చూపించే వేలికి ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

తొంభై నాలుగు ఎండాకాలంలో అసలు సంగతి బయటపడింది. ఆ గురువారం ఉదయగిరి చీటీ నేనే డబ్బాలో నుంచి తీశాను. "4.8 మి.మీ., దుమ్ము అణిగింది." కిందనే ముందు రోజు వార్తలకు నేను పెట్టిన శీర్షిక, అక్షరం పొల్లు పోకుండా. మొదటి బస్సు కండక్టరు పొద్దున్నే గ్రంథాలయం గోడ దగ్గర ఆగి, నా బోర్డును చీటీలోకి ఎక్కించుకుని వస్తున్నాడన్నమాట. నేను రాసింది చదివే తొమ్మిది మందిలో ఒకడు ఆయన మనిషి.

ఉదయగిరి సంగతులు ఎవరు రాస్తారని ఆయన్ను అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"ఎవరో పుణ్యాత్ముడంట. వానను చుక్క పెట్టి కొలుస్తాడంట. కండక్టరు చూసి ఎక్కించుకోనొస్తాడు" అని, చైను వైపు తిరిగాడు.

నేనేనని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయనే కనుక్కోవాలి, కనుక్కుని పదిమందిలో నా పేరు చెప్పాలి అనుకున్నాను. నాలుగు గురువారాలు ఎదురుచూశాను. ఆయన కనుక్కోలేదు. నా అంకెలు నలభై మంది ముందు రోజూ నిలబడుతున్నాయి, వాటి కింద నా పేరు లేదు. ఆత్మకూరు బోర్డులో వాన కరెక్టుగా వేస్తారురా అని మా ఉదయగిరిలోనే, నా బోర్డు పక్కనే నిలబడి ఒకడు ఇంకొకడితో అనగా విన్నాను. ఆ రోజు అన్నం సయించలేదు.

అక్టోబరు వచ్చింది. మెట్ట మీద ఉలవలు చల్లుకునే రోజులు, పల్లం వైపు వరినాట్ల రోజులు. ఒక మంగళవారం పొద్దున డబ్బాలో చూస్తే 3.2 ఉంది. తుంపర. నేను బోర్డు దగ్గరికి పోయి "36.4 మి.మీ., విత్తనాల పదును" అని రాశాను.

అప్పుడు టైము ఐదూ పది. మొదటి బస్సు ఐదున్నరకు. కండక్టరు వచ్చి ఎక్కించుకోవడం గ్రంథాలయం మెట్ల పక్క నుంచి చూశాను. బస్సు కదిలింది. ఐదూ నలభైకి తుడిచి 3.2 వేశాను. ఊళ్ళో ఒక్కడు కూడా ఆ ముప్పై ఆరును చూడలేదు. నా లెక్క ప్రకారం ఆ తప్పు ఏడుంబావుకు ఆత్మకూరు బోర్డెక్కుతుంది. రెండో బస్సు ఎనిమిదీ ముప్పావుకు చేరుతుంది. అందులో దిగిన ఉదయగిరి జనం, మా ఊళ్ళో వాన ఎక్కడిది అని నలుగురిలో నవ్వుతారు. గంటన్నర తప్పు, ఒక జీవితకాలం తలవంపు. చైను తుడుచుకుంటూ బోర్డు నడిపితే ఏమవుతుందో అందరికీ తెలుస్తుంది. ఇంతకన్నా జాగ్రత్తగా నేను ఏ లెక్కా వేయలేదు.

గురువారం ఆ నవ్వు చూడ్డానికే కాస్త ముందుగా పోయాను. ఎప్పటిలాగే జనం, ఎప్పటిలాగే చైను. మంగళవారం ఉదయగిరి వాన ఏదో తేడా పడిందంట గదా అని మెల్లగా కదిపాను. అవునన్నాడు. రెండో బస్సు కండక్టరు కూడా గోడ చూసే చీటీ తెస్తాడట, అది రాంగానే తుడిపించి మార్పించినానన్నాడు. అంతే. ఎవరూ నవ్వలేదు. నవ్వేంత సేపు ఆ తప్పు బోర్డు మీద నిలవలేదు.

ఎనిమిది గంటలప్పుడు ఒక ఆమె వచ్చింది. అరవై ఉంటాయి. ఉదయగిరి కొండ కింద పల్లె. రెండెకరాల మెట్ట, ఒంటి మనిషి. చంకలో ఉలవల మూట. ఎవరినీ పలకరించకుండా నేరుగా బోర్డు ముందు నిలబడి అడిగింది.

"ఇందులో రాసేదెవరు నాయనా?"

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు లేదు. రాసేవాడంటూ ఒకడు లేడు.

ఆమె చెప్పుకొచ్చింది. రెండు రోజులు మర్రిపాడులో చుట్టాలింట ఉండి, మంగళవారం నాట్ల ముఠాతో చేజర్ల పోతూ ఇక్కడ బస్సు మారింది. ఉదయగిరిలో విత్తనాల పదునైందని ఎవరో చదివి వినిపించారు. పదును రెండు రోజులు కూడా నిలవని నేల ఆమెది. ముఠా వాళ్ళకు చెప్పి ఏడుముప్పావు బస్సుకు వెనక్కి తిరిగింది. తొమ్మిదిన్నరకు దిగి చేను దాకా నడిచిపోతే, కాలు పెడితే దుమ్ము లేచింది. బుధవారం చేజర్ల పోయింది. నాట్ల ముఠా అంటే పన్నెండు మంది, ఒకే మునుము, ఒకే వరసలో వంగి నాటాలి. ఒకరు తగ్గితే ఆ చోట్లో ఇంకొకరిని నిలబెట్టుకుంటారు, ఇక నాట్లయ్యేదాకా ఆ పన్నెండు మందే. ఆమె చోట్లో వేరే మనిషి వంగి ఉంది. మూడు వారాల నాట్లు పోయినట్టే. ఆ మూడు వారాల మీదనే ఆమె ఏడాది నడవాలి.

గొంతు పెంచలేదు ఆమె. "కళ్ళతో చూసుకోకుండా గోడను నమ్మి వస్తినే" అంది. నన్ను తిట్టినా అంత తగిలేది కాదు.

మందుల షాపాయన, ఆ చీటీ ఎవరు తెచ్చినారో బయటికి తీయండి అన్నాడు. పాత చీటీలన్నీ ఒక కమ్మీకి గుచ్చి ఉంటాయి. మంగళవారం చీటీ తీస్తే కండక్టరు దొరుకుతాడు. కండక్టరు ఉదయగిరి గోడ చూపిస్తాడు. ఆ గోడ మీద రాసేది ఎవరో ఉదయగిరిలో అందరికీ తెలుసు. నాకు పేరు కావాలని ఉండేది. ఇప్పుడు ఇంకో నాలుగు నిమిషాల్లో రాబోతోంది.

ఆయన లేచాడు. కమ్మీలోంచి ఒక చీటీ లాగి, చూసి, మడిచి, నడుం దగ్గర లుంగీలో దోపుకున్నాడు.

"చీటీది కాదు తప్పు. కలువాయి చీటీ, ఉదయగిరి చీటీ నేనే కలిపేసినాను. తప్పు నాది పెద్దమ్మా" అన్నాడు.

చెవి మీది సుద్ద తీశాడు. ఆయన రాయడం నేను చూసింది ఆ ఒక్కసారే. చెల్లాచెదురుగా పడ్డ మొక్కజొన్న గింజల్లా వంకరటింకరగా, ఒత్తులు ఎక్కడో పెట్టి రాశాడు. మంగళవారం ఉదయగిరి వాన తప్పు. స్టాండువాడిది తప్పు. జనం ఆ రెండు ముక్కలూ చదువుతూ నిలబడిపోయారు. ఒక్కరు కూడా ఆయన్ను ఒక్క మాట అనలేదు. మెడలో చెప్పులు వేస్తారేమో అనుకున్న నేను, ఆ మౌనం చూసి కూడా కుళ్ళుకున్నాను. నేను నిజం రాసినప్పుడు ఎవరూ అంత మర్యాదగా చదవలేదు.

తర్వాత ఒక సైకిలు తీసి, వెనక క్యారేజీ మీద గోనెపట్టా మడిచి వేసి ఆమెను కూర్చోమన్నాడు. ఉలవల మూట హ్యాండిలుకు తగిలించాడు. నా వైపు తిరిగాడు.

"అబ్బయ్యా, స్టాండు చూసుకుంటా ఉండు. చేజర్ల దాకా పోయొస్తాను."

ఆ రోజు కోతమిల్లుకు పోలేదు. పొద్దుగూకేదాకా ఆయన ముక్కాలి పీట మీద నేను కూర్చున్నాను. ఏడాదిగా నేను కుళ్ళుకుంటున్న చోటు అదే. టోకెన్లు ఇచ్చాను, తీసుకున్నాను. బస్సులు వచ్చాయి. కండక్టర్లు చీటీలు వేసిపోయారు. ఎవరో వచ్చి తీసి రాశారు. ఆయన లేకుండానే బోర్డు నిండింది, నేను వేలు పెట్టకుండానే నిండింది. ఆయన చేస్తున్నది ఏమీ లేదని నేను ఇన్నాళ్ళూ అనుకున్నది నిజమే. కానీ వచ్చిన ప్రతివాడూ ముందు బోర్డు చూడకుండా పీట వైపు చూసి, ఆయనేడి అని అడిగాడు. కండక్టర్లు అడిగారు, అయ్యవారు అడిగాడు, టీ తెచ్చినామె గ్లాసు నాకివ్వాలా వద్దా అని ఆలోచించి వెనక్కి తీసుకుపోయింది. సాయంత్రానికి నేను ఎంత చిన్నవాణ్ణయ్యానో కొలిచే పట్టిక నా దగ్గర లేదు.

ఐదున్నరకు వచ్చాడు, ఒక్కడే. లుంగీ మోకాళ్ళ దాకా బురద. పీట మీద నుంచి లేచాను. ఆయనే చెప్పాడు.

"మునుములోకి దిగి నేనే తప్పు రాసినానని చెప్పినాను. పన్నెండు మందీ తిట్టినారు. ముఠా పెద్దామె అయితే అమ్మనా బూతులు తిట్టింది. తిట్టినాక జరిగినారు. పదమూడో చోటు పెట్టినారు."

నేను పోవడానికి సంచి తీసుకున్నాను. ఆయన లుంగీలోంచి మడత చీటీ తీశాడు. ఒకటి కాదు, రెండు. పీట మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇది మంగళవారం మొదటి బస్సు. ముప్పై ఆరు చుక్క నాలుగు. ఇది రెండో బస్సు. మూడు చుక్క రెండు. ఒకే గోడ, రెండు గంటలు కూడా తేడా లేదు. పొరపాటున రాసేవాడు చుక్క పెట్టడు అబ్బయ్యా. కూర్చుని లెక్క వేసేవాడే పెడతాడు."

నేనేనని ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నువ్వు సుద్ద పట్టిన రోజునుంచే అన్నాడు. నా అక్షరాలు చూసి కండక్టరు చెప్పాడట, ఉదయగిరి గోడ మీద చెయ్యి ఇదేనని.

"తెలిసీ నా పేరు ఎందుకు చెప్పలేదు నలుగురిలో?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఆమె గురించి కాదు, ఆమె ఉలవల గురించి కాదు, ముందు అది వచ్చింది. ఆయన నా మొగం వైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు. చైను ఏ పన్ను దగ్గర పట్టేసిందో వెతికేటప్పుడు చూసే చూపు.

"అడిగుంటే చెప్పేవాణ్ణే. నువ్వు అడగలేదు గదా. కావాలంటే రేపటి నుంచి నీ చీటీ నువ్వే రాయి. కింద పేరు పెట్టు. పెట్టినాక పడిన వానే రాయి."

ఆమె దగ్గరికి పోయి నిజం చెబుతానన్నాను. చెప్పాలనిపిస్తే చెప్పు, నాకోసం చెప్పొద్దు అన్నాడు. చీటీలు రెండూ చించి డబ్బా కింద పడేశాడు. సైకిలు పక్కకు వాల్చి, చక్రానికి అంటిన బురద గోకడం మొదలుపెట్టాడు.

నేను చెప్పలేదు. ఆ తర్వాత ఆమెను బస్సులో రెండుసార్లు చూశాను. ఒకసారి లేచి సీటిచ్చాను. నాయనా చల్లగా ఉండు అంది. అప్పుడైనా చెప్పొచ్చు, కండక్టరు టిక్కెట్ల కోసం వచ్చాడని మానేశాను. ఆమె ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఆ రోజు ఆ పల్లెలో పడింది 3.2. మిగతా 33.2 నేను కురిపించింది. స్టాండు ఆయన ఆ తప్పును తన పేరు మీద ఉంచుకునే పోయాడు. అది కూడా నాకు దక్కనివ్వలేదని, ఇది రాస్తున్న ఈ నిమిషంలో కూడా మనసులో ఒక మూల అనిపిస్తోంది.

ఆ మర్నాడు, శుక్రవారం పొద్దున్నే చీటీ రాసి, కింద పేరు పెట్టి, కండక్టరు చేతికిచ్చాను. దాన్ని చూడ్డానికి వచ్చే గురువారం దాకా ఆగలేకపోయాను. డిపోలో ఏదో చెప్పి అదే బస్సెక్కాను. అయ్యవారు డబ్బాలోంచి తీసి, చూసి, రాశాడు. టోకెను తీసుకుని పోయాడు. ఆయన పీట మీద నుంచి నన్ను చూసి, చెయ్యెత్తకుండా తల మాత్రం ఊపాడు.

సంచి భుజాన వేసుకున్న ఒక మనిషి నా పక్కనే నిలబడి పైకి చదివాడు. "ఉదయగిరి. వాన లేదు." దాని కింద నా పేరు. దాన్ని కూడా చదివి, వానలేదని చెప్పను ఒక పేరెందుకు, అని నా వైపు చూసి నవ్వి, మర్రిపాడు బస్సు వస్తే పరుగెత్తాడు.